రెండు తాళం చెవులు

గుంటూరు నగరానికి తాగునీరు పంపే హెడ్‌వాటర్ వర్క్స్ మన సంగం జాగర్లమూడిలోనే ఉంది. మన కాలవ నీళ్లు పట్నం ఫ్లష్ ట్యాంకుల్లో గలగలమంటాయి. ఇక్కడ సెంటున్నర జాగాలో ఇద్దరు కొడుకులూ కోడళ్లూ సర్దుకునే ఇంటికి మాత్రం దొడ్డి జాగా ఉండదు. 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెల్లో బహిరంగ మలవిసర్జన పోయిందన్నారు. ఎక్కడికి పోయిందయ్యా? కాగితం మీదినుంచి పోయింది!

లెక్క చూడండి. స్వచ్ఛ భారత్ కింద ఇంటికిచ్చేది 12,000. మనది డెల్టా. వానాకాలం తవ్వినచోటల్లా నీరే. మెరక చేసి రెండు గోతులు కట్టాలి. ఆ డబ్బుతో అయ్యే పనేనా? నాలుగు వరలు దించి పైన గది లేపుతారు. ముసురు పట్టగానే గొయ్యి ఎగదన్నుతుంది. దీపావళికల్లా ఆ గదిలో పిడకలుంటాయి.

పక్కపక్క ఇళ్లు రెండింటికీ కలిపి 24,000 ఇవ్వండి. మెరక మీద ఒక్క దొడ్డి, రెండు గోతులు. ఒకటి నిండితే రెండోదానికి దారి మళ్లిస్తారు. ఏడాది, రెండేళ్లలో మొదటిది ఎండి ఎరువవుతుంది. గొయ్యిలోకి మనిషిని దించే పాకీ పని ఉండదు. 2013లో దాన్ని నిషేధించింది చట్టాన్ని పటం కట్టుకోవడానికా?

'సామూహిక దొడ్లు కట్టాం కదా' అంటారు. ఎన్నో ఊళ్లలో చూశాం. ప్రారంభం నాడు రిబ్బను, తర్వాత తాళం. ఊరందరిదీ అంటే ఎవరిదీ కాదు. నేనడిగేది సొంతం. పట్టాలో రెండు పేర్లు, రెండు తాళం చెవులు, ఇంటి మేకుకొకటి. 'ఈ వారం కడిగే వంతు నీదే వదినా' అని గోడ మీంచి గట్టిగా అడిగే హక్కు. బోరు పొత్తులో వేసుకునే రైతుకు, ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడే డ్వాక్రా మహిళకు ఇది కొత్తా? తిరుచిరాపల్లిలో మహిళా సంఘాలు ఊరుమ్మడి దొడ్లనే నడిపి చూపించాయి!

ఎంత శుభ్రంగా ఉన్నా, రెండిళ్లు పంచుకుంటే ఐక్యరాజ్యసమితి లెక్కల్లో అది 'పరిమిత' సదుపాయమే. పదిళ్ల క్యూ వద్దంటే ఒప్పుకుంటా. అందుకే రెండు, మహా అయితే మూడు ఇళ్లంటున్నా. ఏమీ లేకపోవడం కన్నా ఈ పొత్తు తక్కువదా?

స్వచ్ఛ భారత్ ఉత్తర్వులో ఒక్క వాక్యం చాలు: రెండు కుటుంబాలు ఉమ్మడిగా. ఆ ఫైలు బల్లలు మారేలోగా, చీకట్లో గట్టు దాకా వెళ్లాల్సివస్తుందని మా వీధి కోడలు రాత్రి భోజనంలో మంచినీళ్లు ముట్టడం లేదు.