చలి విపత్తే, మరి వికలాంగ తల్లిదండ్రుల లెక్క ఎక్కడ?

హైదరాబాద్‌లో చలి అందరికీ ఒకేలా ఉండదు. నగరం నడిబొడ్డున కాంక్రీటు పగటి వేడిని రాత్రికి దాచుకుంటుంది. చెరువులు, పొలాలు, ఖాళీ జాగాలు మిగిలిన శామీర్‌పేట, మేడ్చల్ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు అంతకన్నా చల్లగా ఉంటాయి. రేకుల ఇళ్లలో ఆ చలి ఎముకలు కొరుకుతుంది. అలాంటి ఇంట్లో తల్లికో తండ్రికో కాలు, చెయ్యి లేకపోతే, పిల్లల్ని బడికి తయారు చేసే గంటే రోజంతటిలోకీ కష్టమైన గంట.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. మొండి కాలు కాస్త సన్నబడి, కృత్రిమ కాలి సాకెట్ వదులవుతుంది. నడిస్తే రాసుకుని చర్మం పుండు పడుతుంది. లేని కాలు నొప్పి పెడుతుందని, చలిలో అది పెరుగుతుందని చాలామంది చెబుతారు. షుగర్ వల్ల కాలు తీసేసినవాళ్లకు మరో ప్రమాదం ఉంది. స్పర్శ తగ్గిన రెండో కాలు చలిమంటకు కాలినా వెంటనే తెలియదు. రెండు చేతులూ చంకకర్రలకే పోతే వేడినీళ్ల బకెట్ ఎవరు మోయాలి, చంటిబిడ్డను ఎవరు ఎత్తుకోవాలి?

కృత్రిమ కాలిని రాత్రి చల్లటి నేల మీద వదలకుండా దుప్పట్లో చుట్టి పెట్టాలి. తొడిగే ముందు చర్మం తడి లేకుండా తుడవాలి. వదులైతే పొడి సాక్సు ఇంకో పొర వేయాలి. ఇవి పనికొచ్చే జాగ్రత్తలే. కానీ సాక్సులకు డబ్బు కావాలి. సాకెట్ బాగుచేయించడానికి నగరంలోకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

దీన్ని వ్యక్తిగత కష్టంగా వదిలేయలేం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం, ఎస్సీల్లో 2.45 శాతం. శరీరాన్ని పణంగా పెట్టే పనులు ఎవరి వాటాకు వస్తున్నాయో, వైద్యం ఎవరికి ఆలస్యంగా అందుతుందో చూడకుండా ఈ తేడాను అర్థం చేసుకోలేం.

2016 వికలాంగుల హక్కుల చట్టానికి శామీర్‌పేటతో సంబంధం ఉంది. దానికి మూలమైన 2011 ముసాయిదాను సుధా కౌల్ కమిటీ రూపొందించినప్పుడు న్యాయ సలహాదారుగా పనిచేసింది ఇక్కడి నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రమే. ఆ చట్టం 24వ సెక్షన్ వికలాంగ మహిళల జీవనోపాధికి, పిల్లల పెంపకానికి తోడ్పాటు ఇవ్వాలంటుంది. ఆదాయ పరిమితికి లోబడి ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని, విపత్తుల్లో అండగా నిలవాలని, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని కూడా చెబుతుంది.

ఆచరణలో చేతికొచ్చేది ప్రధానంగా పింఛనే. 2023లో అది 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది, అంటే రోజుకు దాదాపు 134 రూపాయలు. ఒంటరి మనిషికీ, ముగ్గురు పిల్లల తల్లికీ అదే మొత్తం. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తామంది. ఆ హామీ అమలు చేయాలని 2025లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో పింఛనుదారులు ఉద్యమించాల్సి వచ్చింది.

కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో శీతల గాలులు ఉన్నాయి. అయితే మైదానాల్లో సాధారణంగా కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనే వాతావరణ శాఖ శీతల గాలులుగా పరిగణిస్తుంది. మొండి కాలి నొప్పి ఆ ప్రకటన కోసం ఆగదు. వడదెబ్బను రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. ఎండ విషయంలో చూపిన చొరవ చలి విషయంలోనూ చూపాలి.

జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. చలికాలానికి ముందే మండలాల్లో సాకెట్ మరమ్మతు శిబిరాలు పెట్టాలి. సాక్సులు, లైనర్లు, దుప్పట్లు అక్కడే ఇవ్వాలి. పిల్లలున్న వికలాంగులకు, తండ్రులతో సహా, పింఛనుపై అదనపు భత్యం ఇవ్వాలి. దళిత కుటుంబాలకు 2017 చట్టం కింద ఉన్న ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి ఖర్చు చేయాలి. వికలాంగులను లబ్ధిదారులుగా మాత్రమే లెక్కించడం చాలదు, పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులుగానూ లెక్కించాలి.