ఐ.సి.యు.కు తోటివారి చూపు కావాలి

మన కోహీర్ నుండి రోగిని జహీరాబాదుకో, హైదరాబాదుకో తీసుకెళ్ళి ఐ.సి.యు.లో చేర్చితే, బంధువులు తలుపు బయటే కూర్చుంటారు. లోపల సేవ సరిగా జరుగుతోందో లేదో వారికి తెలియదు. మరి ఎవరు చూడాలి? ఆ పని తెలిసిన తోటివారే చూడాలని మా అభిప్రాయం.

జర్మనీలో ఈ పద్ధతి ఉంది. వేరే ఆసుపత్రుల డాక్టర్లు, నర్సులు వచ్చి ఐ.సి.యు.ను పరిశీలిస్తారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగి తల ఎత్తుగా ఉంచారా? చేతులు శుభ్రం చేసుకుంటున్నారా? కుటుంబంతో మాట్లాడుతున్నారా? ఇలా చూసి, తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరినీ శిక్షించరు.

తోటివారి చూపుకు ఎంత బలముందో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం చూపింది. అక్కడ 2004లో నూరుకు పైగా ఐ.సి.యు.లు పెద్ద రక్తనాళంలో గొట్టం వేసేటప్పుడు ఐదు నియమాలు పెట్టుకున్నాయి. నియమం తప్పితే డాక్టరును సైతం ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. 18 నెలల్లో ఆ గొట్టాల వల్ల రక్తంలో వచ్చే ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల వరకు తగ్గాయి.

బయటివారు వస్తే పరువు పోతుందని కొందరు భయపడతారు. పరువు కంటే రోగి ప్రాణం గొప్పది. 1905లో మొదలైన భారత క్రైస్తవ వైద్య సంఘం ద్వారా మిషన్ ఆసుపత్రులకు పరస్పర పరిచయం ఉండనే ఉంది. ఒకరి ఐ.సి.యు.ను ఒకరు చూడటానికి అదే చాలు.

ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. స్వస్థత పనిలోనూ ఒంటరితనం మంచిది కాదు. ప్రియ కుటుంబాలారా, "మీ ఐ.సి.యు.ను బయటి డాక్టర్లు చూస్తారా?" అని మర్యాదగా అడగండి. అడగడం మీ హక్కు.