రాయదుర్గం దుమ్ములో ఏముంది?

ఫోన్ తెరిస్తే ఎండ, వాన వివరాల పక్కనే పీఎం 2.5 అని ఒక అంకె. సైబరాబాద్‌లో ఆ మాట ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. రెండున్నర మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్న కణాలని దాని అర్థం. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కూ గొంతూ వాటిని ఆపలేవు.

అయితే ఆ మాట కణం ఎంతుందో చెబుతుంది గానీ, ఏమిటో చెప్పదు. డీజిల్ మసి, చెత్త తగలబెట్టిన పొగ, రాతిపొడి అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. సైబరాబాద్‌లోని రాయదుర్గంలో ఈ తేడా ప్రాణాల మీదికొచ్చేది. ఇక్కడ నేలంతా సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. ఐటీ టవర్ కింద సెల్లార్లు దిగాలంటే ఆ బండను తొలచాలి, పగలగొట్టాలి. గ్రానైట్‌లో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్, అంటే సిలికా. అది సన్నటి పొడై ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. నయం చేసే మందు లేదు. అది ఉన్నవాళ్లకు టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. సిలికోసిస్‌నే టీబీ అనుకుని మందులు మింగుతూ పోయేవాళ్లూ ఉన్నారు.

డ్రిల్లు పట్టిన మనిషిని దగ్గరగా చూడండి. మోచేతుల దాకా తెల్లటి పొడి, కనురెప్పల మీదా పొడే. మూతికి కట్టిన తుండుగుడ్డ ఆపేది ఆ కనిపించే పొడిని. కనిపించనిది లోపలికి పోతుంది.

మన గాలి నాణ్యతా సూచీ ఏక్యూఐకి ఆధారం 24 గంటల సగటు. అదీ కొలిచే స్టేషన్ ఉన్నచోటి గాలి. పీఎం 2.5కి ఆ సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటరాదన్నది మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. ఏ హద్దు పెట్టినా, డ్రిల్లు ముందరి గాలి ఆ లెక్కలోకి రాదు. రాయి కోసేచోట నీటి ధార వాడాలని 2018 జనవరిలోనే కేంద్రం నిబంధన తెచ్చింది. నీళ్లు చల్లుతూ తొలిస్తే దుమ్ము పుట్టినచోటే అణుగుతుంది. ఖర్చు పెద్దది కాదు. ఇది చేయించకపోవడం నేరమనే మా అభిప్రాయం.

మా పత్రికకు చేరే ఐటీ కథల్లో అద్దాల గదులున్నాయి, జీతాలున్నాయి, ఒంటరితనముంది. ఆ గదులకు పునాది తవ్విన మనిషి దాదాపు లేడు. అతని దగ్గరికి వెళ్లి, పేరూ ఊరూ అడిగి, అతని దగ్గు విని రాయండి. వేసుకోవడానికి మేం సిద్ధం.