మెట్లెక్కలేని చదువరి

గ్రంథాలయానికి మెట్లు వుండడం మనకు వింతగా తోచదు. ఎక్కగలిగినవారికి మెట్టు మెట్టుగానే కనిపించదు. మోకాళ్ళు పట్టుకుపోయిన పెద్దాయనకూ, చక్రాల కుర్చీలో తిరిగే పిల్లకూ ఆ మూడు మెట్లే కోటగోడ. అటువంటి చదువరులను గురించి యీ నెల నాలుగు మాటలు మనవి చేస్తాను.

చదువరే పుస్తకం దగ్గరికి రావాలని మన పెద్దలు పట్టుపట్టలేదు. 1931లో మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండిమీద పుస్తకాలు పల్లెలకు బయలుదేరాయి. ఆ బండిని ప్రారంభించినవారు రంగనాథన్‌గారు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలవమీద పడవ గ్రంథాలయమే నడిపించారు. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో రెండవది, ప్రతి చదువరికీ తనకు కావలసిన పుస్తకం అందాలన్నది. ఆ "ప్రతి"లో చూపు లేనివారూ, నడవలేనివారూ వున్నారు గదా! వారి కృషి ఫలితంగానే 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. అందువల్లనే యింటిపన్నుతోబాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాము. గ్రంథాలయం గడప దాటలేనివారి యింటినుంచీ ఆ పన్ను వసూలవుతూనే వుంది.

ఇది దయాధర్మాల విషయం కాదు, హక్కు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. నియమాలు వెలువడిన అయిదేళ్ళలోగా ప్రజలు వచ్చిపోయే పాత భవనాలన్నీ వారికి అనుకూలంగా మార్చాలని అందులో వుంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి గనుక గడువు 2022తోనే తీరింది. ఆ ప్రమాణాలు ఉత్త సలహాలుగా వుంటే చాలదనీ, తప్పక పాటించవలసిన నియమాలు చెయ్యాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది.

ర్యాంపు కట్టినంత మాత్రాన పని అయిపోదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వుండాలని లెక్క. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు అడుగున్నర. అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. చాలాచోట్ల అయిదారు అడుగులు సిమెంటు పోసి చేతులు దులుపుకుంటారు. దానిమీద కుర్చీ ఎక్కాలంటే వెనక ఇద్దరు తొయ్యాలి; దిగేటప్పుడు భగవంతుడే దిక్కు. పక్కన పట్టుకోను కమ్మీ వుండాలి. వాకిలి మూడడుగుల వెడల్పు వుండాలి. బీరువాల మధ్య కుర్చీ తిరగాలి. బల్ల కింద మోకాళ్ళకు చోటుండాలి.

ఇక చూపు లేనివారి సంగతి. చెన్నపట్నంలో కోట్టూరుపురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో వారికోసం కింది అంతస్తులోనే బ్రెయిలీ విభాగం పెట్టారు. బ్రెయిలీలో మనబోటి ప్రవాసులు ముఖ్యంగా గుర్తించవలసిన విశేషం ఒకటి వుంది. 1951లో మన దేశభాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ అనే ఒకే పద్ధతి ఏర్పడింది. తెలుగు "క"కూ, తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ "క"లకూ అవే రెండు చుక్కలు. మన పిల్లలు ఇక్కడి భాషలో చదువుకుని తెలుగు లిపికి దూరమవుతున్నారని ఎప్పుడూ వాపోతుంటాము. కన్నడ బ్రెయిలీ నేర్చిన మన పిల్లవాడు తెలుగు అక్షరాలు మళ్ళీ మొదటినుంచి దిద్దుకోనక్కరలేదు. వేలికి తగిలినది దాదాపుగా అలాగే తెలుగై పలుకుతుంది. తమిళంలో చదివినవాడు ఖ, ఘ వంటివి కొన్ని అదనంగా నేర్చుకుంటే సరి. ఇంత సులువైన దారి వుండగా ఆ పిల్లవాడి చేతికి ఒక్క తెలుగు పుస్తకమైనా అందకపోవడం విచారకరం కాదా?

వినే పుస్తకాలూ వున్నాయి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, అచ్చు చదవలేనివారికోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని బ్రెయిలీలోకో, శబ్దరూపంలోకో మార్చడానికి వీలు కలిగింది. 2016 ఆగస్టులో "సుగమ్య పుస్తకాలయ" అనే ఇంటర్నెట్ గ్రంథాలయం వెలసింది. మన సంఘాలలో చక్కని ఉచ్చారణ గల గృహిణులూ, విశ్రాంత ఉపాధ్యాయులూ ఎందరో వున్నారు. వారు నెలకొక తెలుగు పుస్తకం చదివి రికార్డు చేసి, అంధుల కోసం పనిచేసే సంస్థకు ఇస్తే ఎంత ఉపకారం!

పైసా ఖర్చు లేని పనులు కూడా వున్నాయి. చూపు లేనివారు వస్తే వెంట వచ్చినవారితో కాక వారితోనే మాట్లాడాలి. చెవులు వినిపించనివారికి కాగితంమీద రాసి చూపాలి. మేడమీద పఠనమందిరం వున్న సంఘాలు వారానికొక పూట కింద బల్ల వేసి, అడిగిన పుస్తకం దించి ఇవ్వవచ్చు. బొత్తిగా రాలేనివారి యింటికి మన యువకులు సైకిలుమీద పట్టుకువెళ్ళి ఇవ్వవచ్చు. పుస్తకాలు తీసుకోవడం మానేసిన పాత సభ్యుల పేర్లు రిజిస్టరులో చూడండి. వారిలో ఎందరికి చదువుమీద మనసు పోయిందో, ఎందరికి మెట్లెక్కే సత్తువ పోయిందో కనుక్కోండి.

చదువరులకు చివరగా ఒక మనవి. మీ పేటలోని ప్రభుత్వ గ్రంథాలయానికి ఒకసారి టేపు పట్టుకు వెళ్ళండి. మెట్లెన్ని, ఎత్తెంత, వాకిలి ఎంత అన్నది రాసుకురండి. ఆఫీసులో కాగితాల మధ్య బతికేవాణ్ణి గనుక చెబుతున్నాను. "ఇబ్బందిగా వుంది" అన్న అర్జీ కంటె కొలతలున్న అర్జీకి జవాబు త్వరగా వస్తుంది. అది స్థానిక భాషలో వుంటే మరీ మంచిది. తమిళంలో రాసిపెట్టడానికి నేను సిద్ధంగా వున్నాను. కొలతలు మాత్రం మీరు పంపండి.