రాజముద్రయు కవిధర్మమును

ప్రభుత్వ మొసంగు బిరుదమును బట్టి కవియొక్క గుణమును నిర్ణయింపవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము మన యిందూరులోనే కలదు.

1948లో శ్రీ దాశరథి కృష్ణమాచార్యులుగారు ఇందూరు ఖిల్లాలోని కారాగారమున బంధింపబడి యుండిరి. నిజాము నిరంకుశత్వమును ధిక్కరించుటయే వారి యపరాధము. వ్రాసికొనుటకు సాధనములు లేని యాచోట బొగ్గుముక్కతో గోడలపై పద్యములు వ్రాసిరి. తోడి ఖైదీయగు వట్టికోట ఆళ్వారుస్వామిగారికే 1949లో తమ ‘అగ్నిధార’ నంకిత మిచ్చిరి.

ఆ కవికే 1974లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 1977లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా నియమించెను. రాజును ధిక్కరించినవారు ఆస్థానపదవి నంగీకరింపవచ్చునా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. మా యభిప్రాయములో గౌరవమును స్వీకరించుట దోషము కాదు. గౌరవమునకై మాట మార్చుకొనుట దోషము. దాశరథిగారిని ప్రజలకు బ్రియుని జేసిన పద్యములు, వ్రాతకు ఫలము చెఱసాలయే యైన దినములలో బుట్టినవి. పదవి వచ్చుటకు అప్పటికింక ఇరువదితొమ్మిది సంవత్సరములు గలవు.

అయినను, ఇచ్చిన చేయి తీసికొనవచ్చును. 1983లో రాష్ట్రప్రభుత్వము ఆస్థానకవి పదవినే రద్దుపఱచెను. పదవి పోయెను గాని ‘అగ్నిధార’లో ఒక యక్షరమైనను చెఱిగిపోలేదు.

రష్యాదేశమున నిందుకు విపరీతము జరిగెను. 1958లో బోరిస్ పాస్టర్నాక్‌నకు నోబెల్ బహుమానము ప్రకటింపబడగా, స్వదేశమందలి రచయితల సంఘ మాతని బహిష్కరించెను. ఏలినవారి యొత్తిడిచే నాతడు బహుమానమును నిరాకరింపవలసివచ్చెను. 1989లో నాతని కుమారుడు ఆ పతకము నందుకొనెను. అప్పటికి కవి గతించి ఇరువదితొమ్మిదేండ్లయ్యెను. అచట ప్రభుత్వ మడ్డుపడెను. ఇచట ప్రభుత్వమే యిచ్చి తీసికొనెను. రెండు చోట్లను కవి విలువ రాజముద్రపై నాధారపడలేదు.

2015 నుండి తెలంగాణ ప్రభుత్వము దాశరథిగారి పేర పురస్కార మొసంగుచున్నది. ఇది హర్షణీయము. కాని తన్ను పొగడినవారికే గాక, తన తప్పును నిర్భయముగా జూపినవారికిని ఇయ్యగలిగిననాడే ఆ పేరు సార్థకమగును.

పాఠకులకును నొక ధర్మము కలదు. ఏర్గట్ల మొదలు బోధను వఱకు గల పఠనాలయములలో నొక రచయిత ప్రసంగము వచ్చినపుడు, ఆయన కెన్ని బిరుదములని యడుగుటకు ముందు, బిరుదము లభింపదని తెలిసిన దినమున ఆయన యేమి వ్రాసెనో విచారింపవలెను. కవికి నిజమైన పరీక్ష యదియే.