డక్టు తలుపు తెరిచి చూడండి

తమిళనాడు ప్రభుత్వ ముఖ్య విద్యుత్ తనిఖీ అధికారి గారికి,
గిండీ, చెన్నై.

అయ్యా,

ఈ ఉత్తరం తమిళ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాను. పత్రికలో తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. ఈ నగరంలో ఫ్లాట్లు కట్టేవాళ్లలోను, కొనేవాళ్లలోను, వాటిలో వైర్లు లాగేవాళ్లలోను తెలుగువాళ్లు తక్కువేమీ లేరు. నేను అడగబోయే పని మీ ఒక్కరి చేత అయ్యేది కాదు కాబట్టి వాళ్లూ వినాలి.

సంగతి కరెంటు డక్టు గురించి. లిఫ్టు పక్కనో మెట్ల మలుపులోనో ఎప్పుడూ తాళం వేసి ఉండే సన్నటి తలుపు ఉంటుంది కదా, అదే. కింద మీటర్ల గది నుంచి పై అంతస్తు దాకా కేబుళ్లు అందులోంచే వెళతాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనలు 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాల విషయంలో నాన్చకుండా చెప్పాయి. కరెంటు కేబుళ్ల డక్టులోంచి వేరే పైపు గానీ కేబులు గానీ పోకూడదు. ప్రతి అంతస్తు దగ్గరా డక్టులో మంటను ఆపే అడ్డు ఉండాలి. లోపల వాడే కేబుళ్లు మంటను పాకనివ్వనివి, పొగా విషవాయువూ తక్కువ వదిలేవి అయి ఉండాలి. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం ఇంకో మాట కలిపింది: స్లాబు ఎంతసేపు మంటకు తట్టుకుంటుందో ఆ అడ్డూ అంతసేపు తట్టుకోవాలి.

నిబంధనల్లో లోటు లేనప్పుడు ఫిర్యాదు ఏమిటంటారా? మా అపార్ట్‌మెంటు సంఘంలో వైరింగు వ్యవహారాలు చూసే పని నా నెత్తిన పడ్డాక, ఒక సాయంత్రం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అన్ని అంతస్తుల్లోనూ డక్టు తలుపులు తెరిపించాను. మొదటి అంతస్తులో అతను టార్చి పైకి వేసి పట్టుకుంటే, ఎనిమిదో అంతస్తులో నిలబడ్డ నాకు వెలుగు కనబడింది. స్లాబులో జానెడు వెడల్పు కంత. ఒక మూలన ఎప్పుడో పూసిన సిమెంటు పెచ్చు మిగిలుంది, మిగతాదంతా పగలగొట్టేశారు. ఆ సందులోంచి ఇంటర్నెట్ ఫైబరు, టీవీ కేబులు, సీసీ కెమెరాల వైర్లు దూరిపోయాయి. నాలుగో అంతస్తు దగ్గర ఎవరిదో ఏసీ నీళ్లు పోయే పైపు కూడా ఉంది. కింద పాత దినపత్రికల కట్ట, ఒక చీపురు, పోయిన దీపావళికి మిగిలిన మతాబుల డబ్బా.

మీ అధికారులు చూసి వెళ్లిన రోజున ఇలా ఉండి ఉండదు. ఆ తర్వాత డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని వచ్చిన ప్రతివాడూ ఒక కంత పెట్టి, తన వైరు లాగి, పూడ్చకుండా పోయాడు. కరెంటు పని చేసే కాంట్రాక్టరుకు మీ లైసెన్సింగ్ బోర్డు లైసెన్సు కావాలి, వైర్‌మన్‌కు సర్టిఫికెట్ కావాలి. ఫైబరు లాగే కుర్రాడికి ఏదీ అక్కర్లేదు. తాళంచెవి ఇచ్చింది మేమే కదా అంటే, నిజమే, ఇచ్చాం.

నిలువునా తెరుచుకున్న డక్టు పొగగొట్టమే. కింద మీటరు బోర్డు దగ్గర ఒక వదులు జాయింటు వేడెక్కి అంటుకుంటే పొగ నిమిషాల్లో పైకి ఎగబాకుతుంది. మెట్లు కూడా ఆ పక్కనే ఉంటాయి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకుల ప్రాణాలు తీసింది పొగే. మన నగరంలో అన్నాసాలై ఎల్‌ఐసీ భవనం 1975లో కాలింది. 2023 ఏప్రిల్‌లో అదే భవనం మీది నామఫలకానికి మళ్లీ మంటలంటుకున్నాయి. 2017 మే 31న టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో చెన్నై సిల్క్స్ భవనానికి అంటుకున్న మంటను అదుపు చేసేలోపే కొంత భాగం కూలింది, మిగిలింది కూల్చేయాల్సి వచ్చింది. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉండొచ్చు. మంటనూ పొగనూ పుట్టినచోటే ఆపలేకపోతే ఏమవుతుందో చెప్పడానికే వీటిని తలుస్తున్నాను.

కేబుళ్లు దూరే కంతను దేనితో పూడ్చాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ కాదు. అమెరికాలోని అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రం ఉంది. 1975 మార్చి 22న అక్కడ గోడలోంచి కేబుళ్లు వెళ్లేచోట గాలి కారుతోందేమోనని ఒక పనివాడు కొవ్వొత్తి పెట్టి చూశాడు. ఆ సందు పూడ్చింది పాలీయురెథేన్ నురగతో. అది భగ్గుమంది. ఆరేలోపు 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. అణువిద్యుత్ కేంద్రాల్లో అగ్నిభద్రత నియమాలను ఆ తర్వాత తిరగరాశారు. సరిగ్గా ఆ జాతి నురగనే, డబ్బా నొక్కితే పొంగుకొచ్చేదాన్ని, ఈ రోజుకీ మన అపార్ట్‌మెంట్లలో డక్టు కంతల్లో చిమ్మి ‘సీల్ చేశాం’ అంటున్నారు. కిటికీ ఫ్రేముల చుట్టూ వాడే సరుకు అది. మంటను ఆపదు సరికదా మేత అవుతుంది.

ఆపేవి వేరే ఉన్నాయి. ఫైర్ స్టాప్ మోర్టారు ఒకటి. వేడికి ఉబ్బి సందు మూసేసే సీలెంటు ఇంకొకటి. అదే గుణమున్న చిన్న దిండ్లలాంటి సంచులు మూడోవి. నన్నడిగితే ఫ్లాట్లకు సంచులే మేలు. కొత్త కేబులు వచ్చినప్పుడల్లా మోర్టారు పగలగొట్టక తప్పదు, సంచి అయితే తీసి, వైరు దూర్చి, మళ్లీ పెట్టేయొచ్చు. పెట్టేవాడు పెడితేనే అనుకోండి. కొనేటప్పుడు డబ్బా మీద ‘ఫైర్ రేటెడ్’ అన్న మాట చూసి సంతోషపడితే చాలదు. కేబులు, ట్రే, స్లాబు అన్నీ కలిపి ఐఎస్ 12458 ప్రకారం పరీక్షించిన రిపోర్టు అడగాలి. మంటను ఆపాల్సింది ఆ అమరికంతా కలిసి.

కేబులు మీది తొడుగూ అంతే. పారీస్ కార్నర్ వెనక వీధుల్లో ఎవరినడిగినా ‘ఎఫ్‌ఆర్ ఉంది సార్’ అంటారు. ఎఫ్‌ఆర్ అంటే మంట పాకకుండా చూసేది, పొగ సంగతి దానికి పట్టదు. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ రకం పొగ తగ్గిస్తుంది. అయినా ఐఎస్ 694 ప్రకారం ఆ రకం పీవీసీ కాలితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఆ పీవీసీ బరువులో 20 శాతం దాకా ఉండొచ్చు. ఇరుకు మెట్ల దారిలో అది పీల్చే మనిషికి 20 శాతం తక్కువేమీ కాదు. హాలోజెన్ లేని కేబుళ్లకు ఐఎస్ 17048 ఉంది, ధర ఎక్కువ. ఫ్లాటులో ప్రతి గదికీ అవే వేయమనను. అందరూ దిగాల్సిన మెట్ల పక్కన పోయే మెయిన్ కేబుళ్లకైనా అవే వాడాలంటాను.

వైర్లు పోయే పైపుల సంగతికొస్తే, ఐఎస్ 9537 మూడో భాగం పీవీసీ పైపుల్ని లైట్, మీడియం, హెవీ అని విడదీసింది. స్లాబులో లైట్ పైపు వేస్తే కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటరు కింద అణిగిపోతుంది. తర్వాత వైరు కదలదు. చివరికి గోడ మీద కేసింగ్ కొట్టి సర్దుకోవాలి. పైపు లోపలి జాగాలో 40 శాతానికి మించి నింపవద్దన్నది పని తెలిసినవాళ్ల లెక్క. గదికో ఏసీ వచ్చాక ఆ లెక్క చూసేవాళ్లు లేరు. పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది, మే నెలలో మన గోడలే సగం దూరం తీసుకెళతాయి.

తిరువాన్మియూరు నుంచి ఎన్నూరు దాకా సముద్రం గాలి తగిలే చోట కేబుల్ ట్రేలకు ఉప్పు శత్రువు. మామూలు జీఐ రేకు మీద జింకు పూత ఒక్కో వైపు 20 మైక్రాన్లే. కోసిన అంచుల దగ్గర అదీ ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. ట్రే తయారయ్యాక కరిగిన జింకులో ముంచి తీసింది కొంటే పూత రెండింతలకు పైగా ఉంటుంది. టెర్రస్ మీద కేబుళ్లు కట్టే తెల్ల నైలాన్ టైలు ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి, నల్లవి వాడితే సరి.

నీళ్ల మాట కూడా చెప్పాలి. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ కింది అంతస్తు మీటరు గదులు మునగడం చూశాం. గుమ్మం దగ్గర ఇసుక బస్తాలు వేస్తాం. వీధిలోంచి కేబులు వచ్చే భూగర్భ పైపు చివర మాత్రం తెరిచే ఉంచుతాం. ఆ పైపుకు సీలు, బోర్డుకు సరైన కేబుల్ గ్లాండు పెడితే నీళ్లూ ఎలుకలూ ఆ దారిన రావు.

కాగితం మీద అంతా సవ్యంగా ఉండడం చాలదని ఈ నగరానికి వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కూలిన 11 అంతస్తుల భవనానికి అనుమతి ఉంది. 61 మంది పోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్లు.

నేను అడిగేది కొత్త చట్టం కాదు. కరెంటు వచ్చిన భవనాలను ఐదేళ్లు మించకుండా మళ్లీ పరీక్షించాలని నిబంధన ఉంది. తక్కువ వోల్టేజీ భవనాల్లో యజమానే పరీక్ష చేయించి ధ్రువీకరించుకునే వెసులుబాటూ ఉంది. ఆ ధ్రువపత్రంతో పాటు ప్రతి అంతస్తు డక్టు కంత ఫోటో, అక్కడ వాడిన ఫైర్ స్టాప్ సరుకు పేరు, పరీక్ష రిపోర్టు నంబరు తప్పనిసరి చేయండి. అవే వివరాలు డక్టు తలుపు లోపల అంటించమనండి. ఇంటర్నెట్, టీవీ, కెమెరా వైర్లకు వేరే డక్టు చూపించని కొత్త ప్లాన్లను వెనక్కి పంపమని చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ)కు మీరు రాయండి. పాత భవనాల్లో కంత పెట్టినవాడే అదే రోజు పూడ్చాలని, పూడ్చకపోతే బాధ్యత సంఘానిదేనని ఒక సర్క్యులర్ ఇవ్వండి. మా మీదే పడుతుందని తెలిసే అడుగుతున్నాను. దాన్ని తమిళంతో పాటు తెలుగులోనూ, హిందీలోనూ వేయించండి. డ్రిల్లు పట్టుకునేవాళ్లు ఇప్పుడు ఆ భాషలవాళ్లే.

ఈలోగా ఇది చదువుతున్న చెన్నై తెలుగువాళ్లు తమ సంఘం కార్యదర్శిని తాళంచెవి అడిగి, ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని, ఈ ఆదివారం తమ డక్టులో టార్చి వేయించి చూడాలి. పై అంతస్తులో వెలుగు కనబడితే ఆ ఫోటో గిండీకి పంపండి.

ఇట్లు,
చెన్నైలో ఒక ఫ్లాటు యజమాని