పార్కుకు అలుగు పెట్టండి

మన పట్టణాల్లో పార్కు కట్టడానికి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. లేఅవుట్‌లో వదిలిన స్థలానికి ముందు ప్రహరీ కడతారు. తర్వాత లారీలతో ఎర్రమట్టి తోలి రోడ్డుకంటే అడుగున్నరో రెండడుగులో ఎత్తు లేపుతారు. దాని మీద గడ్డి, టైల్స్ పరిచిన వాకింగ్ ట్రాక్, జారుడుబల్ల, ఓపెన్ జిమ్. వాన పడితే ఆ పార్కులో పడిన నీళ్లు కూడా గేటు కింద నుంచి వీధిలోకే వస్తాయి. కాలనీ మొత్తంలో సిమెంటు పడని మట్టి అదొక్కటే. అది కూడా వీధికే నీళ్లు వదులుతుంటే ఆ వీధి మునగక ఏం చేస్తుంది? ఈ పద్ధతి మారాలి. పార్కును రోడ్డుకంటే పల్లంగా తవ్వాలి. వీధి నీళ్లు లోపలికి రావడానికి దారి పెట్టాలి, నిండాక పోవడానికి అలుగు పెట్టాలి.

నాది మన్ననూర్. చిన్ననీటి పారుదలలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెరువులు, కుంటల మీదనే నా ఉద్యోగమంతా గడిచింది. కొడుకు హైదరాబాద్‌లో ఉప్పల్ అవతల ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి వానాకాలంలో కొన్నాళ్లు అక్కడ ఉంటాను. రెండు చోట్లా వాన పడుతుంటే చూస్తాను గనుక ఈ మాట రాస్తున్నాను.

మా ఊరి ఫారెస్టు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. గట్టి వాన పడ్డ రోజు ఆ చెక్‌పోస్టు దగ్గర నిలబడితే రెండు రకాల నీళ్లు కనబడతాయి. శ్రీశైలం రోడ్డు తారు మీద పడ్డవి నిమిషాల్లో ఉరికొస్తాయి, ఎర్రగా, బిస్కెట్ కవర్లను, నీళ్ల సీసాలను తోసుకుంటూ. అడవి లోపలి నుంచి వచ్చే పాయ మాత్రం చాలాసేపటికి గాని రాదు. సన్నగా, డికాక్షన్ రంగులో వస్తుంది, వాన వెలిసిన మరునాడు కూడా పారుతూనే ఉంటుంది. టేకు, మద్ది, వెదురు ఆకులు రాలి పేరుకున్న చోట చెయ్యి పెట్టి చూడండి. పైన తడి ఆకు, దాని కింద సగం చివికిన ఆకు, దాని కింద చెదలు గుల్ల చేసిన మన్ను. వేళ్లు సులువుగా దిగుతాయి. తారు మీదా, ఆ ఆకుల మీదా పడింది ఒకే వాన.

అడవి ఉన్నంత మాత్రాన వరద రాదని నేననను. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు మా నల్లమల మీద కుండపోత కురిసింది. డిండి వాగు పొంగి, లత్తీపూర్ దగ్గర శ్రీశైలం రోడ్డు తెగిపోయింది. అలాంటి రోజున ఏ అడవీ, ఏ చెరువూ, ఏ పార్కూ పూర్తిగా ఆపలేవు. కానీ ఏటా పడే ఐదు, పది సెంటీమీటర్ల వానలకే ఇళ్లలో మోకాటి లోతు నీళ్లు నిలవడం వేరే సంగతి. అది మనం కట్టిన తీరు వల్ల వస్తున్న ముంపు.

ఉప్పల్ అవతలి మా కాలనీ సంగతే చెబుతాను. పార్కు దాదాపు ఎకరం. కాలనీ మొత్తంలో పల్లపు మూల అదే. లేఅవుట్ వేసినాయన ప్లాటుగా అమ్ముడుపోదనే దాన్ని పార్కుకు వదిలి ఉంటాడు. చాలా లేఅవుట్లలో పార్కులకు దక్కేది ఇలాంటి మూలలే. అంటే నీళ్లు సహజంగా చేరే చోటే పార్కు వచ్చింది, అదృష్టం కొద్దీ. దాన్ని మట్టి పోసి మెరక చేశారు. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. ఇప్పుడు వాన పడితే నీళ్లు పార్కు గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లి, ఎదురు వరసలోని పాత ఇళ్లలోకి దిగుతాయి. ఆ ఇళ్లవాళ్లు గుమ్మాలకు రెండు వరసల ఇటుకలు పేర్చి సిమెంటు పూసుకున్నారు. ఫ్రిజ్‌లను బల్లల మీద పెట్టుకున్నారు. మంచంకోళ్ల మీద బురద చారలు ఏ వానకు ఎంత ఎత్తు వచ్చాయో చూపిస్తాయి. ఎదురుగా పార్కులో ట్రాక్ మీద తడి తప్ప నీళ్లుండవు.

లెక్క కష్టమైనది కాదు. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన అంటే సుమారు 40 వేల లీటర్లు. పది సెంటీమీటర్లయితే 4 లక్షలు. ఎకరం పార్కును రెండడుగులు దించితే సుమారు 24 లక్షల లీటర్లు పడుతుంది, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 480. పార్కుతో కలిపి ఆరెకరాల మీద పడిన పది సెంటీమీటర్ల వాన, ఒక్క చుక్క ఇంకకపోయినా అందులో పడుతుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు కురిసింది 32 సెంటీమీటర్లు. ఆ రాత్రికి ఇది చాలదు. మిగతా ఏళ్లకు చాలుతుంది. ఆ రాత్రి కూడా నాలా మీద పడే బరువును కొంతసేపు వెనక్కి పట్టేది.

నీళ్లను ఎగువన కాసేపు ఆపి నెమ్మదిగా వదలడం మనవాళ్లకు తెలియనిది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచాక విశ్వేశ్వరయ్య చెప్పింది అదే. ఆ సలహా నుంచే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మా పాలమూరు వైపు వనపర్తి సంస్థానం వాళ్లు తవ్వించిన చెరువులను సప్త సముద్రాలని ఇప్పటికీ అంటారు. శ్రీరంగాపూర్ గుడి పక్కన రంగసముద్రం వాటిలోదే. గొలుసుకట్టు చెరువుల్లో పైదాని అలుగు కిందిదాన్ని నింపేది. ఆ గొలుసులో కుంటలను పూడ్చి ప్లాట్లు చేశాం. మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు అలుగు పారితే రామయ్యబౌలి ఇళ్లు మునిగేది అందుకే. పోయిన కుంటలన్నీ తిరిగి రావు. వాటి పని కొంతైనా చేయగల ప్రభుత్వ జాగా ఊరి మధ్యలో మిగిలింది పార్కులు, ఆటస్థలాలే.

తిరిగి వచ్చిన కుంట ఒకటి ఉంది. హైదరాబాద్ అంబర్‌పేట బతుకమ్మ కుంట 1962-63 లెక్కల్లో 14 ఎకరాల పైచిలుకు. చెత్త, మట్టి పోసి పూడ్చేయగా మిగిలిన ఐదెకరాల పైచిలుకును ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వించింది. 2025 సెప్టెంబరు 28న బతుకమ్మ పండగతో దాన్ని తెరిచారు. చుట్టూ నడకదారి, చెట్లు, మధ్యలో నీళ్లు. జనానికి అది పార్కు, వానకు అది కుంట. నేను వెళ్లి చూసి వచ్చాను, మనసు నిండింది. సోమాజిగూడ, ఖైరతాబాద్ వైపు రోడ్ల పక్కన భూమిలో సంపులు కట్టి వాన నీళ్లు పడుతున్నారు. మంచిదే. అయితే కాలనీ కాలనీకి కాంక్రీటు సంపు కట్టే డబ్బు ఎక్కడిది? మట్టి తవ్వడం దానికంటే చవక.

చెన్నైలో 2024లో గిండీ గుర్రప్పందేల మైదానాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక మొదట చేసిన పనుల్లో చెరువులు తవ్వడం ఒకటి, వేళచ్చేరి వైపు ముంపు తగ్గించాలని. బ్యాంకాక్‌లో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం 2017లో తెరిచిన పార్కు 11 ఎకరాలు. నేలంతా ఒక వైపు వాలుగా ఉండి, నీళ్లు పల్లపు చివరి కుంటలో చేరతాయి. సుమారు 38 లక్షల లీటర్లు పడతాయి. 2011 జులై 2 కుండపోత తర్వాత కోపెన్‌హాగన్ కూడా ఈ దారే పట్టింది. అక్కడి ఎంఘావె పార్కు చుట్టూ తక్కువ ఎత్తు గట్టు కట్టి, లోపల 2 కోట్ల లీటర్లకు పైగా పట్టేలా మార్చారు. బ్యాంకాక్‌ది మన వానకు దగ్గరి వాన గనుక మన ఇంజనీర్లు ముందు అది చూడాలి.

కాలనీ సంఘం మీటింగులో ఈ మాట అంటే మొదటి ప్రశ్న దోమలు. "సార్, ఇప్పుడున్నవి చాలవా?" అన్నారొకరు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం దాకా పడుతుంది. రెండు రోజుల్లో ఖాళీ అయ్యేలా కట్టిన గుంటలో దోమ పెరగదు. ఎర్రనేల, ఇసుకనేల అయితే నీళ్లు ఇంకిపోతాయి. నల్లరేగడి ఇంకదు. అక్కడ అడుగున ఆరంగుళాల పైపు ఒకటి నాలాలోకి పెట్టాలి. వాన జోరు తగ్గాక, నాలా దిగాక, అది మెల్లగా ఖాళీ చేస్తుంది. పిల్లల భద్రత గురించి ఒక అమ్మ అడిగింది న్యాయమే. నిటారుగా తవ్వొద్దు. ఒక అడుగు దిగడానికి నాలుగడుగులు నడిచేంత వాలు ఉండాలి, రెండడుగులకు మించి లోతు వద్దు. ఉన్న చెట్ల వేళ్ల జోలికి పోవద్దు. వాటిని దిబ్బల మీద అలాగే ఉంచి, గడ్డి ఉన్న మేర మాత్రమే దించాలి. నడక ట్రాక్ గట్టు మీదికి వస్తుంది, వానలో కూడా మునగని ట్రాక్ దొరుకుతుంది.

నన్ను భయపెట్టేది మురుగు. మన కాలనీల్లో గట్టి వానకు మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. ఆ నీళ్లు పార్కులోకి వస్తే జనం ఆ పార్కును ఇంకెప్పుడూ నమ్మరు, ఇంకో పార్కులో తవ్వనివ్వరు. మురుగు లైను సరిచేయని చోట ఈ పని మొదలుపెట్టొద్దు. రోడ్డు నీళ్లు కూడా ముందు ఒక చిన్న తొట్టిలో పడి, ఇసుక, ప్లాస్టిక్ అక్కడే ఆగాక లోపలికి రావాలి. చెరువులో పూడిక తీసినట్టే ఆ తొట్టిని ఏటా ఎండాకాలం తీయాలి, వానల్లో వారం వారం చూడాలి.

అలా చూసే మనిషి ఎవరు? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి చెరువుకూ నీరటికాడు ఉండేవాడు. వాన పట్టిన రాత్రి లాంతరు, గడ్డపార పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. ఎలుక బొక్కలు చూసేవాడు, అలుగులో అడ్డం పడ్డ కంప తీసేవాడు, తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరినీ అడిగేవాడు కాదు. ఇప్పుడు పార్కులో తోటమాలి ఒక విభాగం మనిషి, బయట కాలువ ఇంకో విభాగానిది. గోడకు బొక్క పెట్టి రెండింటినీ కలపాలంటే ఎవరి సంతకం కావాలో తేలక ఫైలు తిరుగుతుంది. మా కాలనీ దరఖాస్తుకు అదే గతి పట్టింది. వాన నీళ్లు పట్టే ప్రతి పార్కుకూ ఒక నీరటిని పెట్టండి, జీతమిచ్చి, తాళంచెవి చేతికిచ్చి. ఆ తోటమాలికే నేర్పినా సరే.

పట్టణాల కంటే ముందు ఊళ్లలో ఇది సాధ్యమని నా నమ్మకం. పల్లె ప్రగతి కింద ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టారు. ఎన్నో చోట్ల మొక్కలు ఎండాకాలం ట్యాంకరు నీళ్ల మీద బతుకుతున్నాయి. అదే వనం పక్క నుంచి వానాకాలంలో వీధి నీళ్లు ఊరి పల్లపు వాడలోకి పోతున్నాయి. 2025 డిసెంబరులో గెలిచిన కొత్త సర్పంచులు ఉన్నారు, ఉపాధి కూలీలు ఉన్నారు, గుంట తవ్వడం తెలిసిన చేతులు ఉన్నాయి. ముందు ఒక మంచి వానలో వీధుల వెంట నడిచి నీళ్లు ఎటు పోతున్నాయో సున్నంతో గుర్తులు పెట్టాలి. తర్వాత వనంలో మొక్కల వరసల మధ్య కందకాలు తవ్వి, వీధి వైపు తూము పెట్టి, పక్క ఇళ్ల గడపల కంటే అడుగు కిందకు అలుగు మట్టం కట్టాలి. ఆ అలుగు మీదుగా పారే నీళ్లకు ఊరి కుంట దాకా దారి చూపాలి. మృగశిర కార్తె లోపల అయిపోయే పని ఇది. మా మన్ననూర్ గ్రామసభలో ఈ ప్రతిపాదన నేనే పెడతాను. మట్టం కొలవడానికి లెవలింగ్ పనిముట్టు, దాన్ని పట్టుకునే మనిషి ఇద్దరం వస్తాం, ఏ ఊరు పిలిచినా.